ప్రమాదం తర్వాత వీల్‌చైర్, కృత్రిమ కాలు, ఇంట్లో మార్పులు: దాతల సాయం ఎలా రాబట్టాలి

బైకు ప్రమాదంలోనో, పరంజా మీద నుంచి జారో, తాటిచెట్టు మీద నుంచి పడో నడుం కింద చచ్చుబడిన మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేసరికి ఇంట్లో డబ్బు నిండుకుంటుంది. ఆపరేషన్ వరకు ఆరోగ్యశ్రీ ఆదుకుంటుంది. ఆ తర్వాత కావాల్సిన వీల్‌చైర్, మెత్త, గాలి పరుపు, టాయిలెట్ కుర్చీ, గుమ్మం దగ్గర ర్యాంపు, స్నానాలగదిలో పట్టుకునే కడ్డీలు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు. కాలు తీసేసిన వాళ్ల పరిస్థితీ దాదాపు ఇదే.

దాతలకు కొదవ లేదు. చిక్కేమిటంటే అందరూ ఇచ్చేది ఒకటే వస్తువు. వీల్‌చైర్, ట్రైసైకిల్ ఫొటోలో బాగా కనిపిస్తాయి కాబట్టి సులువుగా దొరుకుతాయి. పుండ్లు పడకుండా కాపాడే మెత్త, గడప దగ్గర వాలు పలక, అరిగిపోయిన చక్రం మార్చడానికి డబ్బు ఎవరూ తమంతట ఇవ్వరు. అందుకే అవసరాన్ని ఒకే పెద్ద మొత్తంగా, ‘5 లక్షలు కావాలి’ అని అడిగితే ఎక్కడా పని జరగదు. ముక్కలుగా విడదీసి, ఏ ముక్కను ఎవరు ఇస్తారో చూసి, వాళ్లకు అదే రాయాలి. ఇంకొకటి: కొనకముందే అడగాలి. అప్పు చేసి కొనేసి బిల్లు పెడితే ట్రస్టులు, క్లబ్బులు దాదాపుగా ఇవ్వవు. వస్తువు ఇంట్లో ఉందంటే అవసరం తీరిపోయినట్టే వాళ్ల లెక్క.

ముందు కొలతలు

దానంగా వచ్చిన వీల్‌చైర్లు చాలా ఇళ్లలో మడతపెట్టి మంచం కింద ఉంటాయి. కారణం కొలత. శిబిరాల్లో పంచేవి ఎక్కువగా ఒకే సైజువి. సన్నటి మనిషి వెడల్పాటి సీటులో కూర్చుంటే ఒక పక్కకి ఒరుగుతాడు, బరువంతా ఒకే పిరుదు మీద పడుతుంది. స్పర్శ లేదు కాబట్టి నొప్పి తెలియదు. కొద్ది గంటల్లోనే చర్మం ఎర్రబడుతుంది, చూసుకోకపోతే కొద్దిరోజుల్లో పుండవుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. దాని వైద్యం ఖర్చు వీల్‌చైర్ ధరకన్నా ఎక్కువ.

అందుకని ఏ దాతనైనా కలవకముందే ఫిజియోథెరపిస్టు చేతగానీ, ఫిజికల్ మెడిసిన్ విభాగం డాక్టర్ చేతగానీ కొలతలు రాయించుకోండి. మనిషిని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి నాలుగు కొలతలు తీయాలి.

తుంటి దగ్గర వెడల్పు కొలిచి దానికి ఒక అంగుళం కలిపితే సీటు వెడల్పు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత వరకు కొలిచి 2 అంగుళాలు తీసేస్తే సీటు లోతు. తీసేయకపోతే సీటు అంచు మోకాలి వెనక ఒత్తుకుంటుంది, మనిషి ముందుకు జారిపోతాడు. మోకాలి మడత నుంచి మడమ వరకు కొలిస్తే కాళ్లు పెట్టుకునే పలక ఎంత కింద ఉండాలో తెలుస్తుంది. ఇక్కడ మెత్త మందాన్ని లెక్కలోకి తీసుకోవడం చాలామంది మరిచిపోతారు. 3 అంగుళాల మెత్త వేస్తే మనిషి 3 అంగుళాలు పైకి లేస్తాడు, పాదాలు గాల్లో వేలాడతాయి. నాలుగోది వీపు ఆనుకునే ఎత్తు: చేతులతో తనే తోసుకోగలిగిన వ్యక్తికి రెక్క ఎముక కిందివరకు చాలు, నడుం నిలవని వాళ్లకి ఇంకా పైకి కావాలి.

మెత్తను వీల్‌చైర్‌తో పాటే, అదే కాగితంలో రాయించాలి. ‘మెత్తతో కూడిన వీల్‌చైర్’ అని ఒకే వస్తువుగా ఉంటే దాత రెండూ ఇస్తాడు. విడిగా రాస్తే మెత్త కొట్టేస్తారు.

పల్లెటూరి మట్టిదారిలో తిరగాలంటే ముందు చక్రాలు పెద్దవిగా, వెడల్పుగా ఉండాలి. చిన్న గట్టి చక్రాలు ఇసుకలో దిగబడి కుర్చీ ముందుకు బోర్లాపడుతుంది. వెనక చక్రం 24 అంగుళాల గాలి టైరైతే ఊళ్లో సైకిల్ పంక్చర్ షాపువాడే బాగుచేస్తాడు. కొలత ప్రకారం చేసిచ్చే కుర్చీలు ఇప్పుడు మనదేశంలోనూ ఉన్నాయి. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ నియోఫ్లై వీల్‌చైర్‌ను 2020లో 39,900 రూపాయలకు తెచ్చింది. మామూలు ఇనుప మడత కుర్చీతో పోలిస్తే ఇది ఖరీదే. కానీ పొద్దస్తమానం కుర్చీలోనే గడిపి, పనికి వెళ్లే మనిషికి ఇది అడగదగిన ఖర్చే. ఆ సంగతి అర్జీలో కారణంతో సహా చెప్పాలి.

కృత్రిమ కాలికి తొందర పనికిరాదు. గాయం పూర్తిగా మానాలి, మొండిభాగం వాపు తగ్గాలి. అందుకు సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా క్రేప్ బ్యాండేజీ కింది నుంచి పైకి, కిందివైపు బిగువు ఎక్కువగా ఉండేలా రోజూ చుట్టాలి. చుట్టకుండా శిబిరానికి వెళ్లి వాపు మీదే కాలు పెట్టించుకుంటే కొద్ది నెలల్లో సాకెట్ (మొండిభాగం దూర్చే గిన్నె) వదులవుతుంది. మొదటి కాలి సాకెట్ ఎలాగూ ఏడాదిలోపు మార్చాల్సి రావచ్చు. అందుకే కాలు ఇచ్చే సంస్థను మొదటి రోజే అడగండి: సాకెట్ మారుస్తారా, ఎన్నిసార్లు, ఎక్కడ? మూడువందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊరి పేరు చెబితే ఆ ప్రయాణం ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

కాగితాల సంచి

సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో తేల్చే ధ్రువపత్రం) లేకుండా బండి కదలదు. పేరు జనం నోట ఇంకా సదరమే అయినా ఇప్పుడు అన్నిచోట్లా అడిగేది యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు. దానికి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తారు. మీసేవలో గానీ, ఆంధ్రాలో సచివాలయంలో గానీ అడిగితే స్లాట్ ఎలా దొరుకుతుందో చెబుతారు. కాలో చెయ్యో తెగిన వాళ్లకు శాశ్వత సర్టిఫికెట్ త్వరగానే వస్తుంది. వెన్నుపూస, తలకు దెబ్బ తగిలిన వాళ్లకు మొదట తాత్కాలికంగా ఇచ్చి మళ్లీ పరీక్షకు రమ్మనడం మామూలు. దాని గడువు తేదీ ఫైలు అట్ట మీద రాసుకోండి. గడువు దాటిన సర్టిఫికెట్‌తో వెళ్లి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద పథకాలకు కొలమానం 40 శాతం. శాతం తక్కువ వేశారనిపిస్తే పునఃపరిశీలనకు అప్పీలు చేసుకోవచ్చు.

దీనితో పాటు ఆధార్, రేషన్ కార్డు, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, డిశ్చార్జి సమ్మరీ, కొలతలతో డాక్టర్ రాసిన చీటీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఒక నిలువెత్తు ఫొటో ఉండాలి. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్ఐఆర్ కాపీ కూడా. అన్నీ స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా ఫోన్లో పెట్టుకోండి. ఆధార్‌లో పేరు ఒకలా, డిశ్చార్జి సమ్మరీలో ఇంకోలా ఉండటం తరచూ చూసే తంటా. ఆసుపత్రివాళ్లు కంగారులో ఇంటిపేరు తప్పుగా రాసి ఉంటారు. దాన్ని డిశ్చార్జి రోజునే సరిచేయించుకోవాలి, ఆరునెలల తర్వాత ఎవరూ పట్టించుకోరు.

కొటేషన్లు ప్రతి వస్తువుకూ కనీసం రెండు షాపులవి ఉండాలి. షాపు లెటర్‌హెడ్, జీఎస్టీ నంబరు, తేదీ, ధర ఎన్నాళ్లు చెల్లుతుందన్నది, షాపు బ్యాంకు ఖాతా వివరాలు ఉండాలి. తెల్లకాగితం మీద రాసిచ్చిన అంచనాకు ట్రస్టు ఆడిటర్ ఒప్పుకోడు.

దానం కన్నా ముందు, మీకు రావాల్సింది

మంచి దాత అడిగే మొదటి ప్రశ్న: ‘ఇంకెక్కడి నుంచైనా వస్తుందా?’ దీనికి జవాబు సిద్ధంగా ఉండాలి. పైగా ఇందులో కొన్నిచోట్ల దానం ఎన్నటికీ ఇవ్వలేనంత డబ్బు ఉంటుంది.

బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా మే నెలాఖరులో 20 రూపాయలు కోత పడిందేమో చూడండి. పడితే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో రెండు కాళ్లు లేదా రెండు చేతులు పోయినా, పూర్తిగా పనికిరాకుండా పోయినా 2 లక్షలు, ఒక కాలో చెయ్యో అయితే లక్ష. కాళ్లు తెగకపోయినా చచ్చుబడి పనికిరాకుండా పోతే క్లెయిమ్ చేయవచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఏటీఎం కార్డు మీద, ఎల్ఐసీ పాలసీ రైడర్‌లో, ఆఖరికి రాజకీయ పార్టీ సభ్యత్వ కార్డు మీద కూడా ప్రమాద బీమా ఉండొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని పార్టీలు సభ్యత్వంతో పాటు బీమా కట్టాయి. ఓటు ఎవరికి వేసినా కార్డు మాత్రం వెతకండి.

ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి కృత్రిమ అవయవాలు, వీల్‌చైర్ ఈఎస్ఐ నుంచే రావాలి. మేస్త్రీ పని, కూలి పని చేసేవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదై ఉన్నారేమో చూడాలి. తెలంగాణలో చెట్టు మీద నుంచి పడిన గీత కార్మికులకు ఎక్స్‌గ్రేషియా ఉంది.

రోడ్డు ప్రమాదమైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయడానికి చట్టంలో రాసి ఉన్న గడువు 6 నెలలు. చాలా కేసుల్లో వకీలు ఆసుపత్రి బిల్లులు మాత్రమే పెడతాడు. కృత్రిమ కాలు ఒకసారి కొంటే జీవితాంతం రాదు. దాన్ని మళ్లీమళ్లీ మార్చాలి, మరమ్మతు చేయించాలి. ఆ ఖర్చు పరిహారంలో చేర్చాలని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది. కాలు తయారుచేసే సెంటర్ నుంచి ధర, అది ఎన్నేళ్లు పనిచేస్తుందో రాసిన కాగితం తీసుకుని వకీలుకివ్వండి. ఇంటి మార్పుల ఎస్టిమేటు కూడా.

పింఛను సంగతి అందరికీ తెలిసిందే. ఆంధ్రాలో 2024 జులై నుంచి వికలాంగులకు నెలకు 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000. తెలంగాణలో 4,016. గాలి పరుపు లాంటి చిన్న వస్తువులను దీనిలోంచే కొనేసి, దాతల దగ్గరికి పెద్ద వస్తువులతో వెళ్లడం మేలు.

ఏది ఎవరిని అడగాలి

కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకమే వీల్‌చైర్లు, ట్రైసైకిళ్లు, చంక కర్రలు, కాలిపర్లకు (బలం లేని కాలికి కట్టే ఊత కడ్డీలు) పెద్ద దారి. ఆదాయం నెలకు 22,500 లోపుంటే పూర్తి ఉచితం, 30,000 వరకు సగం ధర. పరికరాలు కాన్పూర్‌లోని అలిమ్కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి వస్తాయి. శిబిరం రెండు దఫాలుగా జరుగుతుంది: మొదట గుర్తింపు, కొన్నాళ్లకు పంపిణీ. గుర్తింపు రోజున ఇచ్చిన స్లిప్పే అన్నింటికీ ఆధారం, దాన్ని పోగొట్టుకోవద్దు. ఆ రోజే మీ కొలతల చీటీ చూపించి సీటు వెడల్పు వాళ్ల ఫారంలో రాయించండి. పంపిణీ రోజు, మంత్రిగారు వేదిక మీద ఉన్నప్పుడు, సైజు మార్చడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పథకంలో ఒకసారి పరికరం తీసుకుంటే మూడేళ్ల వరకు మళ్లీ ఇవ్వరు. ఎదురుగా కనిపించిందని పనికిరాని ట్రైసైకిల్‌కు సంతకం పెడితే, కావాల్సిన కుర్చీకి మూడేళ్లు ఆగాలి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని చేతుల్లో బలం లేనివాళ్లకు చేత్తో తిప్పే ట్రైసైకిల్ అంటగట్టడం కొత్తేమీ కాదు. వద్దని చెప్పడానికి మొహమాటపడొద్దు. మోటారు ట్రైసైకిల్‌కైతే సబ్సిడీకి పరిమితి ఉంటుంది, మిగతా డబ్బు ఎంపీ నిధుల నుంచో కంపెనీల నుంచో సర్దుతారు. ఎంపీ లాడ్స్ (ఎంపీ నిధుల పథకం) నిబంధనలు వికలాంగులకు వీల్‌చైర్లు, మోటారు ట్రైసైకిళ్లు, కృత్రిమ అవయవాలు కొనడానికి ఒప్పుకుంటాయి. కాబట్టి ఎంపీ ఆఫీసులో అడిగేటప్పుడు ‘సాయం’ అనకుండా ‘ఎంపీ లాడ్స్ కింద’ అని రాయండి.

కృత్రిమ కాలికి మొదట గుర్తొచ్చేది జైపూర్. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి కాలు ఉచితంగానే ఇస్తుంది. మన ఊళ్లలో జైన, మార్వాడీ సంఘాలు పెట్టే శిబిరాల్లోనూ జైపూర్ కాలే ఎక్కువగా పెడతారు. తిరుపతిలో తితిదే నడిపే బర్డ్ ఆసుపత్రి రాయలసీమవాళ్లకు దగ్గర. మోచేతి కింద చెయ్యి తెగినవాళ్లకు రోటరీ క్లబ్బులు ఎల్ఎన్-4 అనే చేతిని ఉచితంగా పెడతాయి. అయితే మోచేయి కింద కొన్ని అంగుళాల మొండిభాగం మిగిలి ఉండాలి. మోచేయి పైన తెగిన వాళ్లకు అది కుదరదు, అంతదూరం వెళ్లి నిరాశపడొద్దు.

అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు వికలాంగుల కోసం ప్రత్యేక విభాగమే ఉంది. చిత్తూరువైపు వాళ్లకు వేలూరు సీఎంసీ పునరావాస కేంద్రం అందుబాటులో ఉంటుంది. దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తానే 1954 ప్రమాదంలో నడుం కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసిన మనిషి. వెన్నుపూస దెబ్బతిన్న వాళ్లకు మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం, మూత్రం గొట్టం చూసుకోవడం నేర్పే చోటు ఇలాంటిది ఒక్కటి దొరికితే, పది వీల్‌చైర్ల పెట్టు.

కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టేది) గురించి అపోహలు చాలా ఉన్నాయి. కంపెనీ వ్యక్తి చేతికి డబ్బు ఇవ్వదు. 12ఏ, 80జీ (ఆదాయపన్ను మినహాయింపు నమోదులు), సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే నమోదు) ఉన్న సంస్థ ద్వారానే ఇస్తుంది. కాబట్టి కంపెనీకి మీరు ఉత్తరం రాసే బదులు, ఆ కంపెనీతో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థను పట్టుకోండి. ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకే మొదటి ప్రాధాన్యం. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అడిగితే ప్రణాళికలో చేరుస్తారు. జనవరి, ఫిబ్రవరిలో అడిగితే మిగిలిన డబ్బు ఖర్చుచేసే తొందరలో ఉంటారు. నడిమధ్యన పంపిన దరఖాస్తులు ఫైళ్లలో నిద్రపోతాయి. సింగరేణి లాంటి గనుల జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి కూడా ఉంటుంది. వికలాంగుల సంక్షేమం దాని ప్రాధాన్య పనుల్లో ఒకటి. దాని అర్జీ కలెక్టరుకే.

కలెక్టరు దగ్గరికి సోమవారం వెళ్లాలి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ నంబరు రాసిన రసీదు తప్పక తీసుకోండి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కలెక్టరును కలిసే కన్నా, అర్జీ ఎవరికి బదిలీ అయిందో కనుక్కుని ఆ గుమస్తాను కలిస్తే పని జరుగుతుంది. ఎక్కువగా అది వికలాంగుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకే వెళ్తుంది.

లయన్స్, రోటరీ క్లబ్బుల్లో ఏటా జులైలో కొత్త అధ్యక్షులు వస్తారు. కొత్త అధ్యక్షుడికి మొదటి నెలల్లో సేవా కార్యక్రమాలు కావాలి. హైదరాబాద్‌లో జకాత్ సంస్థలు రంజాన్‌కు ముందే జాబితాలు సిద్ధం చేసుకుంటాయి. చర్చి సామాజిక సేవా విభాగాలు క్రిస్మస్‌కు ముందు. అమెరికాలోని తెలుగు సంఘాలు ఊళ్లలో సేవా కార్యక్రమాలు చేసేది ఎక్కువగా డిసెంబరు, జనవరిలో. వాళ్ల స్థానిక ప్రతినిధిని అక్టోబరులోనే కలవాలి.

అర్జీ రాయడం

ఒక పేజీ దాటొద్దు. కష్టాల చరిత్ర అక్కర్లేదు. చదివేవాడు అలాంటివి రోజుకు ఎన్నో చూస్తాడు. వస్తువు, ధర, ఆ వస్తువు వస్తే ఏం మారుతుంది, మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఈ నాలుగు ఉంటే చాలు. నమూనా ఇది:

‘గౌరవనీయులైన క్లబ్బు అధ్యక్షులు గారికి నమస్కారం. మా అన్నయ్య వయసు 34, మేస్త్రీ. గత ఏడాది పరంజా మీద నుంచి పడి నడుం కింద స్పర్శ పోయింది. వైకల్యం 85 శాతం, యూడీఐడీ కాపీ జతచేశాను. ఇంట్లోనే టైలరింగ్ మొదలుపెట్టాలనుకుంటున్నాడు. మెత్తతో కూడిన, 16 అంగుళాల సీటు ఉన్న వీల్‌చైర్ కావాలని డాక్టరు గారు రాసిచ్చారు. ధర 24,000 రూపాయలు, రెండు కొటేషన్లు జతచేశాను. ఇందులో 9,000 మా బంధువులు ఇస్తున్నారు. మిగిలిన 15,000 తమరు నేరుగా షాపు ఖాతాకే పంపగలరని కోరుతున్నాను. వస్తువు అందగానే బిల్లు, ఫొటో తమకు పంపుతాను.’

‘బంధువులు ఇస్తున్నారు’ అన్న వాక్యం చాలా పని చేస్తుంది. అంతా మీరే పెట్టుకోండి అంటే వెనకాడే దాత, మిగతాది పూర్తిచేయండి అంటే ముందుకొస్తాడు. ఇద్దరు ముగ్గురిని ఒకేసారి అడగడం తప్పు కాదు. అడిగినట్టు అందరికీ చెప్పాలి, అంతే. ఒకే కుర్చీకి ఇద్దరి దగ్గర డబ్బు తీసుకున్నట్టు తేలితే, ఆ ఊళ్లో ఇంకెవరికీ ఆ క్లబ్బులు సాయం చేయవు.

ఇంటి మార్పులు: అన్నింటికన్నా కష్టం ఇదే

ర్యాంపుకు డబ్బివ్వడానికి దాతలు జంకుతారు. అది గోడకు అతుక్కున్న ఆస్తి. అద్దె ఇల్లైతే లాభం యజమానికి. వెనక్కి తీసుకునేది కాదు. కాబట్టి ఇక్కడ డబ్బు అడగకుండా సామాను అడగాలి. సిమెంటు షాపతను పదివేలు ఇవ్వడు గానీ ఆరు బస్తాలు ఇస్తాడు. సర్పంచి ట్రాక్టరు మట్టి తోలిస్తాడు. కుటుంబం మేస్త్రీలదైతే తోటి మేస్త్రీలు ఒక ఆదివారం వచ్చి కట్టేస్తారు.

దానికి లెక్క చేతిలో ఉండాలి. ప్రమాణం ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు. అరుగు ఎత్తు అడుగున్నర ఉంటే 18 అడుగుల పొడవు కావాలి. వెడల్పు 4 అడుగులు. నింపుడు 18 ఇంటూ 4 ఇంటూ ఒకటిన్నర, అందులో సగం, అంటే 54 ఘనపుటడుగులు. పైన సిమెంటు గచ్చు 72 చదరపుటడుగులు. పక్కలకు ఇటుక గోడ రెండువైపులా కలిపి 27 చదరపుటడుగులు. అంచుల్లో 2, 3 అంగుళాల కట్ట పోయాలి, లేకపోతే చక్రం పక్కకు జారుతుంది. పైన గుమ్మం ముందు 5 అడుగుల చదునైన చోటు వదలాలి. తలుపు తీస్తూ వాలు మీద కుర్చీ ఆపుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. గచ్చును నున్నగా తీయొద్దు, చీపురుతో గీతలు పెట్టించండి. అందంగా ఉంటుందని టైల్స్ వేసిన ర్యాంపు మీద వానాకాలం కుర్చీ నిలవదు.

వీధి ఇరుకై 18 అడుగులు దొరక్కపోతే మధ్యలో మలుపు తిప్పి రెండు ముక్కలుగా కట్టాలి. మేస్త్రీ ‘ఇంత పొడవెందుకు, ఆరడుగులు చాలు’ అంటాడు. ఆరడుగుల్లో అడుగున్నర ఎక్కడమంటే తోసేవాడికీ ప్రాణం మీదికే, దిగేటప్పుడు కుర్చీలోని మనిషి ముందుకు పడిపోతాడు. అద్దె ఇంటికి వెల్డింగ్ షాపులో చెకర్ ప్లేటుతో (గరుకు ఇనుప రేకు) ఎత్తి తీసేసే ర్యాంపు చేయించండి. ఇల్లు మారితే వెంట వస్తుంది. దాతలు కూడా దీనికి సులువుగా ఒప్పుకుంటారు.

గడప మనవాళ్లకు దేవత. తీసేద్దామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఒప్పించాల్సిన పని కూడా లేదు. గడపకు రెండువైపులా చెక్కతో వాలు దిమ్మెలు చేయిస్తే సరి. పండగ రోజు తీసి పసుపు రాసి మళ్లీ పెట్టుకోవచ్చు. గుమ్మంలో తలుపు తెరిచాక కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. రెండు మూడు అంగుళాలే తక్కువైతే తలుపు రెక్క తీసేసి కర్టెన్ వేయడం అన్నింటికన్నా చౌక.

మరుగుదొడ్డి దగ్గరే చాలా ఇళ్లు ఓడిపోతాయి. మామూలుగా కట్టిన చిన్న మరుగుదొడ్డిలో కుర్చీ తిరగదు. కుర్చీ పూర్తిగా తిరగాలంటే 5 అడుగుల చదరం కావాలి. అంత చోటు లేనప్పుడు తలుపు బయటికి తెరుచుకునేలా మార్చి, కింద కన్నమున్న చక్రాల కమోడ్ కుర్చీని దొడ్డిమీదికి నేరుగా తోసేలా చూడాలి. అందుకు ముందు గడప లేకుండా నేల సమంగా ఉండాలి. మరుగుదొడ్డే లేని అర్హులైన కుటుంబానికి స్వచ్ఛభారత్ కింద 12,000 వస్తుంది. దానికి దాత సాయం కలిపి పెద్దదిగా కట్టుకోవడం తెలివైన పని. రెండు వేర్వేరు పనులుగా చేయించొద్దు.

గోడ కడ్డీలు ఎక్కువగా ఊడిపోయేది ఒకే కారణం వల్ల: నాలుగున్నర అంగుళాల గోడకు, టైల్ మీద ప్లాస్టిక్ గట్టీతో స్క్రూ బిగించడం. మనిషి మొత్తం బరువు దాని మీద వేస్తాడు. గోడకు ఆరపార రంధ్రం వేసి, అవతలివైపు ఇనుప పలక పెట్టి బోల్టు బిగించాలి. పైపు ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళం మందం ఉంటే చేతికి పట్టు. మంచం ఎత్తు, కమోడ్ ఎత్తు, వీల్‌చైర్ సీటు ఎత్తు మూడూ దగ్గరదగ్గరగా, 18 నుంచి 20 అంగుళాల మధ్య ఉంటే పక్కకు జరగడానికి సులువు. ఇంకో సంగతి, స్పర్శ లేని కాళ్ల మీద వేడినీళ్లు పోస్తే తెలియకుండానే కాలిపోతుంది. గీజరు పెట్టిస్తే వేడి తగ్గించి పెట్టండి, ముందు చేత్తో చూశాకే పోయండి.

కొత్తగా ఇల్లు మంజూరైతే ఇదంతా పునాది దశలోనే చెప్పాలి. అప్పుడు ఖర్చు నామమాత్రం. అపార్టుమెంటు ఇస్తుంటే కింది అంతస్తు కోసం ముందే అర్జీ పెట్టండి. పట్టణ ఆవాస్ యోజన నిబంధనల్లో వికలాంగులకు ఆ ప్రాధాన్యం ఉంది.

వాట్సాప్ చందాలు, విదేశీ డబ్బు

నిజానికి ఊళ్లలో అన్నిటికన్నా వేగంగా కదిలేది పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. ఒక వారంలో డబ్బు జమ చేస్తారు. అయితే కొన్ని జాగ్రత్తలు కావాలి. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఏడాదిలో మొత్తం 50,000 దాటి బహుమతిగా వస్తే అది ఆదాయపన్ను లెక్కలోకి వస్తుంది. అందుకే డబ్బు మీ ఖాతాలో పడకుండా, నేరుగా షాపుకో ఆసుపత్రికో వెళ్లేలా చూడండి. లేదా నమోదైన ట్రస్టు ద్వారా తీసుకోండి.

విదేశాల్లో ఉన్న స్నేహితుడు భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, బ్యాంకు ద్వారా తన సొంత సంపాదన నుంచి పంపవచ్చు. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే చట్టం దృష్టిలో అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదున్న సంస్థ ద్వారానే రావాలి. అతను రక్తబంధువైతే వేరు: బంధువుల నుంచి ఏడాదికి 10 లక్షల వరకు ప్రభుత్వానికి తెలపకుండానే తీసుకోవచ్చు.

మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్ చందాల వేదికల్లో ఆపరేషన్లకు వచ్చినంత స్పందన పరికరాలకు రాదు. పెట్టదలిస్తే ఒకే వస్తువుకు, ఒకే మొత్తానికి, కొటేషన్ ఫొటోతో పెట్టండి. ‘ఉచిత మోటారు బండి మంజూరైంది, రిజిస్ట్రేషన్‌కు 500 పంపండి’ అని ఫోన్ వస్తే మోసమే. ఉచిత పథకాలకు ఎవరూ ఫోన్లో డబ్బు అడగరు.

వస్తువు చేతికి వచ్చాక

దింపించుకున్న రోజే మనిషిని కూర్చోబెట్టి చూడండి. తుంటికి పక్కన చెయ్యి నిలువుగా దూరాలి, బ్రేకులు వాలు మీద ఆగాలి. తేడా ఉంటే అక్కడికక్కడే డెలివరీ కాగితం మీద రాయాలి. రెండు గంటలు కూర్చున్నాక పడుకోబెట్టి పిరుదుల మీద, తోక ఎముక దగ్గర చర్మం చూడాలి. వేలితో నొక్కితే ఎరుపు పోకపోతే మెత్త సరిపోలేదన్నమాట.

ఫొటో విషయంలో ఒకమాట ముందే అనుకోండి. దాతకు ఫొటో అవసరం, అది తప్పు కాదు. కానీ కుర్చీ వెనక ఎవరి పేరూ పెయింటు వేయించొద్దని మర్యాదగా చెప్పవచ్చు. జీవితాంతం బ్యానర్ మోయాల్సిన పని మనిషికి లేదు.

బిల్లు, వారంటీ కార్డు, దాతకు రాసిన రసీదు కాపీ ఫైల్లో పెట్టండి. రెండు ట్యూబులు, ఒక జత ముందు చక్రాలు, మెత్త తొడుగు అదనంగా మొదటి ఆర్డరులోనే తెప్పించుకోవాలి, మరమ్మతుకు మళ్లీ దాతను వెతకడం కన్నా అదే నయం. నురుగు మెత్త ఏడాదికల్లా అణిగిపోతుంది. అడిప్ కింద తీసుకున్న తేదీకి మూడేళ్లు కలిపి, ఆ తేదీని సదరం గడువు తేదీ పక్కనే అట్ట మీద రాయండి.